ఏటా వచ్చే వాన అకాలం ఎలా అవుతుంది?

భరణి కార్తెలో ఒక వారం పాటు అనంతపురం జిల్లాలో ఏ పల్లెలో ఉన్నా రోజు ఒకే తీరున నడుస్తుంది. పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటుంది. పదకొండుకల్లా ఎర్రనేల సెగలు చిమ్ముతుంది. ఒంటిగంట దాటాక గుట్టల వెనక తెల్లమబ్బొకటి తల ఎత్తుతుంది. రెండింటికి దూదికొండలా పెరుగుతుంది. మూడింటికి దాని అడుగు నల్లబడుతుంది. నాలుగు గంటల ప్రాంతంలో ముందు దుమ్ము లేస్తుంది, వెంటనే చల్లగాలి, ఆ వెనకే ఉరుము. అరగంటో ముప్పావుగంటో కురిసి వెలిసిపోతుంది. తెల్లారితే మళ్లీ అదే ఎండ. ఇలా మూడు నాలుగు రోజులు సాగి, ఒకటి రెండు రోజులు తెరిపిచ్చి, మళ్లీ మొదలవుతుంది.

మర్నాటి వార్తల్లో మాత్రం ఈ వానకు ఒకటే పేరు: అకాల వర్షం. నష్టం అంచనా నివేదికల్లోనూ అదే మాట. ఏప్రిల్, మే నెలల్లో ఏటా వచ్చే వాన, అదీ గంట తప్పకుండా మధ్యాహ్నం మూడు నుంచి ఆరు లోపు వచ్చే వాన అకాలం ఎలా అవుతుంది? రాయలసీమ రైతు దీన్ని ఎన్నడూ అలా పిలవలేదు. ముంగారు అన్నాడు. భరణి కురిస్తే ధరణి పండుతుందని సామెత కట్టాడు. భరణి ఏప్రిల్ చివర మొదలై మే రెండో వారం దాకా ఉంటుంది, ఆ తర్వాత కృత్తిక, మే 25 ప్రాంతంలో రోహిణి. రోళ్లు పగిలే ఎండలు రోహిణివని చెప్పిన నోటితోనే, దానికి ముందు ఒక వాన ఉంటుందనీ మన పెద్దలు చెప్పారు. ఇది పేరు గురించిన పట్టింపు మాత్రమే అనుకోవద్దు. అకాలం అన్న క్షణంలోనే ముందు జాగ్రత్త ఎవరి బాధ్యతా కాకుండా పోతోంది. నా అభ్యంతరం అక్కడే.

ముందుగా ఈ వాన పుట్టుక తెలుసుకోవాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా పేరుపడింది. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని వస్తాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్యపు వానలు ఇంత లోపలికి చేరేసరికి అలసిపోతాయి. నైరుతి కాలంలో సుమారు 340, ఈశాన్యంలో సుమారు 155 మిల్లీమీటర్లు పడగా, మిగిలిన కొద్దిలో ఎక్కువ భాగం ఈ వేసవి జల్లులదే. అంటే ఏడాది నీటిలో ఇంచుమించు పదోవంతు. నీటికి ముఖం వాచిన నేలకు పదోవంతు తక్కువేమీ కాదు.

వేసవిలో విదర్భ వైపు నుంచి కర్ణాటక, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా తరచూ ఒక ద్రోణి ఏర్పడుతుంది. దానికి తూర్పున బంగాళాఖాతపు తేమగాలి, పడమట పీఠభూమి పొడిగాలి. రెండూ కలిసే చోట, నలభై డిగ్రీలు దాటి కాగిన నేల మీది గాలి బుడగలా పైకి లేస్తుంది. తేమను మోసుకుపోయి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా క్యుములోనింబస్ మేఘాన్ని కడుతుంది. పొద్దుటి ఎండ నేలను కాచి ఆ గాలిని పైకి లేపడానికి కొన్ని గంటలు కావాలి. అందుకే ఈ వాన మధ్యాహ్నం తర్వాతే వస్తుంది.

ఎండు ప్రాంతంలో ఈ మేఘానికి ఇంకో గుణం ఉంది. మేఘం కింద గాలి బాగా పొడిగా ఉంటుంది. పైనుంచి రాలే చినుకుల్లో చాలా భాగం నేలను తాకకముందే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా నేల మీద పడి, నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. వానకు ముందొచ్చే దుమ్ము, ఆ ఈదురుగాలి దానివే. కోనసీమలో కురిసే గాలివాన కంటే సీమలో కురిసేది వానలో చిన్నదైనా గాలిలో పెద్దది కావడానికి ఇదొక కారణం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. ఎండలు ముదిరేకొద్దీ ఇలాంటి మేఘాలకు మేత పెరుగుతుందే గానీ తగ్గదు.

ఒక మే నెలలో తాడిపత్రి వైపు ఒక అరటి తోటలో గాలివాన మర్నాడు నిలబడ్డాను. చెట్లన్నీ ఒకే దిక్కుకు ఒరిగి, నడుములు విరిగి పడి ఉన్నాయి. గాలి ఎటునుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతిక ముప్పై కిలోలు తూగే గెలలు బురదలో బోర్లా పడ్డాయి. కాయ పట్టుకు చూస్తే పలకలు ఇంకా తేలే ఉన్నాయి, గుండ్రబడలేదు. అంటే కోతకు ఇంకా వారాలు కావాలి. కొనేవాడు ఉండడు, మాగేసినా మాగదు. ఆ పక్క చేనులోనే ఇంకో రైతు పొద్దున్నే దుక్కికి దిగాడు. మడక వెనక నడుస్తూ మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టింది. పదును జానెడు లోతు దిగిందన్న తృప్తి అతని ముఖంలో కనిపించింది. ఒకే వాన, ఒకే గట్టు, అటూ ఇటూ రెండు బతుకులు. ఈ వానను శాపమని గానీ వరమని గానీ ఒక్కమాటలో తేల్చేస్తే ఆ ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే.

నష్టం సంగతి చూద్దాం. జూన్, జులైలో నాటిన అరటి పది, పన్నెండు నెలలకు కోతకొస్తుంది. సరిగ్గా ఏప్రిల్, మే నాటికి గెల బరువెక్కి, చెట్టు తల బరువుతో ఊగుతుంటుంది. గాలి ఆ సమయానికే వస్తుంది. నాటే నెలను కొంత జరిపితే, తోట చుట్టూ సరుగుడో అవిసెనో గాలికి అడ్డుగా పెంచితే, గెల వేసిన చెట్టుకు వెదురు ఊతం ఇస్తే నష్టం చాలావరకు తగ్గుతుంది. ఇవేవీ కొత్త విషయాలు కావు, ఉద్యాన శాఖ అధికారులు చెప్పేవే. కానీ ఊతపు కర్రలకు, గాలిగోడ మొక్కలకు పెట్టుబడి కావాలి. గాలి పడగొట్టాక ఇచ్చే పరిహారంలో కొంత భాగం, గాలికి ముందే సాయంగా ఇస్తే ఆ డబ్బు రెండింతలు పనిచేస్తుంది.

పరిహారం తీరు చూస్తే, పంట నష్టం 33 శాతం, అంతకు మించి ఉంటేనే రైతు ఇన్‌పుట్ సబ్సిడీకి అర్హుడు. వడగళ్ల వంటి స్థానిక విపత్తుకు పంట బీమా కింద 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. వాతావరణ ఆధారిత బీమా అయితే సమీపంలోని వాతావరణ కేంద్రం ఏం నమోదు చేసిందన్నదే లెక్క. ఇక్కడే చిక్కు. వేసవి మేఘం వెడల్పు కొద్ది కిలోమీటర్లే. మండల కేంద్రంలో ఆకు కదలని సాయంత్రం పక్క ఊళ్లో తోటలు నేలమట్టమై ఉండొచ్చు. కేంద్రంలోని యంత్రం అబద్ధం చెప్పలేదు, దానికి ఆ గాలి తగల్లేదంతే. నష్టపోయినవాడు మాత్రం తన నష్టం నిజమని నిరూపించుకోలేక తిరుగుతాడు. సెల్‌ఫోన్ ఫొటోలు, ఉపగ్రహ చిత్రాలు అందుబాటులో ఉన్న రోజుల్లో ఊరును లెక్కలోకి తీసుకోకుండా మండలంతో సరిపెట్టడానికి కారణం లేదు.

పంట కంటే పెద్ద నష్టం ప్రాణం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ప్రకృతి విపత్తుల వల్ల 8,060 మంది చనిపోతే, వారిలో 2,887 మంది పిడుగుపాటుకే బలయ్యారు. మన రాష్ట్రానికి ఈ ప్రమాదం కొత్త కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఆ లెక్క అంత కచ్చితంగా తెలిసిందంటే పిడుగును పసిగట్టే యంత్రాలు అప్పటికే మన దగ్గర ఉన్నాయన్నమాట. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగు ముప్పును చూపిస్తుంది. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరికలు ఇస్తుంది.

అయినా బలయ్యేది ఎవరు? గొర్రెల వెంట గుట్టల్లో ఉన్నవాళ్లు, చేలో కూలికి వెళ్లినవాళ్లు. చాలామంది దగ్గర ఉన్నది మీటల ఫోను. స్మార్ట్‌ఫోను ఉన్నా, గొర్రెల కాపరి దాన్ని చంకలో గుడ్డ కింద దాచుకుంటాడు. వాన రాగానే పరుగెత్తేది చింతచెట్టు కిందికే. పిడుగు వెతుక్కునేదీ ఆ చెట్టునే. మెరుపు కనబడిన ముప్పై సెకన్లలోపు ఉరుము వినబడితే ప్రమాదం పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. పక్కా కప్పు కిందికి చేరాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. దారి లేకపోతే చెట్టుకు, కరెంటు స్తంభానికి దూరంగా మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి, పడుకోకూడదు. ఈ నాలుగు మాటలు మనిషికి చేరాల్సింది యాప్‌లో కాదు, చెవిలో. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు లేని ఊరు మనకు లేదు. హెచ్చరిక అందిన పది నిమిషాల్లో ఆ మైకులో మాట వినబడేలా ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. గుట్టల వైపు కాపరులు రోజూ తిరిగే దారుల్లో రేకుల కప్పు బదులు పిడుగు వాహకం పెట్టిన చిన్న కాంక్రీటు గది ఒకటి కట్టినా పంచాయతీ మీద మోయలేని భారం పడదు.

హెచ్చరిక ఇంకా మెరుగుపడాలంటే కళ్లు దగ్గరగా ఉండాలి. చెన్నై, మచిలీపట్నం డాప్లర్ రాడార్లు తుపాన్ల మీద కన్నేసి తీరాన ఉన్నాయి. అనంతపురానికి అవి మూడొందల కిలోమీటర్లు, అంతకు మించిన దూరం. భూమి వంపు వల్ల రాడార్ కిరణం అంత దూరం వచ్చేసరికి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున పోతుంది. మేఘం నడిమి నుంచి పైభాగమే దానికి కనిపిస్తుంది. మేఘం కడుపులో గాలి కిందికి కూలడం మొదలైన ఘడియ దానికి తెలియదు. కేంద్రం 2024 సెప్టెంబరులో రూ.2,000 కోట్లతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది. రాడార్లు పెంచడం అందులో ముఖ్యాంశం. సీమ లోతట్టు ప్రాంతానికి కావలసిన రాడార్ కోసం మన ప్రతినిధులు గట్టిగా అడగాల్సిన సమయం ఇదే.

ఇక లాభం వైపు. ఎకరా నేల మీద పది మిల్లీమీటర్ల వాన అంటే దాదాపు నలభై వేల లీటర్ల నీరు. అరగంటలో కురిసే ఈ వానను, పైపొర గట్టిపడ్డ ఎర్రనేల తాగలేదు, వంకకు వదిలేస్తుంది. మొదటి జల్లుకే వాలుకు అడ్డంగా దున్ని పెట్టుకున్న చేను రెండో జల్లును మింగుతుంది. నైరుతికి ముందే నవధాన్యాలు చల్లి నేలకు పచ్చని కప్పు వేసే పద్ధతిని ప్రకృతి సాగు చేస్తున్న రైతులు అనుసరిస్తున్నారు. పంటకుంటలు, చెక్‌డ్యాములు పూడిక తీసి ఉంటే మిగిలింది అక్కడ ఆగుతుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరి 1369 నాటి శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలని చెక్కి చెప్పింది. ఏడాదికి కొద్ది వారాలే కురిసే చోట, కురిసిన ఘడియను ఒడిసిపట్టాలని ఆ నాటివారికి తెలుసు. ఉపాధి పనుల్లో పూడికతీత తరచుగా మే నెలలోనే జరుగుతోంది, వాన వచ్చి పోయాక. మార్చి నెలాఖరుకే ముగించేలా పని క్యాలెండర్ మార్చాలి.

కళ్లాల్లో ఎండబెట్టిన మొక్కజొన్న, మిరప సంగతీ ఇదే. తెలంగాణలో కొనుగోలు కేంద్రాల దగ్గర తడిసే యాసంగి వడ్ల సంగతీ ఇదే. ఏటా అదే నెల, అదే పూట, అదే తడి, మర్నాడు అవే టార్పాలిన్ల కోసం వెతుకులాట. వాన వస్తుందని అందరికీ తెలుసు. తెలిసినట్టు కాగితం మీద ఎక్కడా లేదు.

అందుకే మొదటి పని ఆ మాట మార్చడం. ఏప్రిల్ ఒకటి నుంచి మే 31 దాకా రాయలసీమలో ఉరుముల కాలమని ప్రభుత్వం ప్రకటించాలి. తుపాను కాలానికి ఉన్నట్టే దానికీ ఒక కార్యాచరణ, ఒక బాధ్యుడైన అధికారి, ఒక తేదీ ఉండాలి. మైకు మాట, ఊతపు కర్ర, పూడిక తీసిన కుంట, ఊరి లెక్కన బీమా ఆ తేదీలోపు సిద్ధం కావాలి. పంచాంగంలో మన తాతలు ఎప్పుడో చోటిచ్చిన వాన ఇది. గట్టుకు ఇటువైపు రైతు ఆ వానకు ముందే మడక సరిచేసుకుని ఎదురుచూస్తున్నాడు. అటువైపు రైతు తోట నిలబడాలంటే, ప్రభుత్వం కూడా అలాగే ఎదురుచూడటం నేర్చుకోవాలి.