ఘన బ్యాటరీకి గడప దగ్గరే చిక్కు
లోపల లిథియం పరుగుకు లోటు లేదు.. అంచులు అతికితేనే భద్రత

నిజామాబాద్‌: ఇంట్లో ఛార్జింగ్‌ పెట్టిన విద్యుత్‌ స్కూటర్‌ బ్యాటరీ పేలి 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక వృద్ధుడు, కొద్ది రోజుల తేడాతో విజయవాడలో మరొకరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో విద్యుత్‌ స్కూటర్ల షోరూం ఉన్న భవనంలో మంటలు చెలరేగి, పైనున్న హోటల్లోని 8 మంది మృత్యువాత పడ్డారు. నిప్పంటుకోని ‘ఘన బ్యాటరీ’ వచ్చేస్తోందన్న ప్రకటనలను జనం ఆశగా వింటున్నది ఇందుకే. ఆ ఆశలో నిజమెంతో తేలాలంటే బ్యాటరీ లోపలికి తొంగిచూడక తప్పదు.

నేటి స్కూటర్లలో ప్రధానంగా వాడుతున్న లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య ఒక ద్రవం ఉంటుంది. లిథియం లవణాన్ని కరిగించిన కర్బన ద్రావణి అది. లిథియం అయాన్లు అటూ ఇటూ ఈదేది అందులోనే. ఘటం అతిగా వేడెక్కితే ఆవిరై మండేదీ అదే. దాని స్థానంలో ఘన పదార్థాన్ని ఉంచాలన్నది శాస్త్రవేత్తల యోచన.

రాయిలో దారి ఎలా?
గట్టి పదార్థంలో అయాను ఎలా కదులుతుందన్న సందేహం సహజం. స్ఫటికంలో పెద్ద పరమాణువులు చట్రంలా నిలిచి ఉంటాయి. వాటి సందుల్లోని చిన్న లిథియం అయాను పక్కనున్న ఖాళీ స్థానంలోకి గెంతుతుంది. మధ్యలో ఇరుకైన ద్వారం దాటాలి. ఆక్సిజన్‌ చట్రం అయానును గట్టిగా పట్టి ఉంచుతుంది. గంధకపు చట్రం పట్టు సడలుగా ఉండటంతో అక్కడ గెంతు సులువు. పైగా మేలైన పదార్థాల్లో అయాన్లు ఒంటరిగా కదలవని 2017లో వెలువడిన గణన పరిశోధన తేల్చింది. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో వెనుకవారు నెడితే వరుసంతా జరిగినట్లు, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతాయి.

ఈ అన్వేషణలో భారతీయుల పాత్ర తక్కువేమీ కాదు. లిథియం, లాంథనం, జిర్కోనియంల గార్నెట్‌ పదార్థాన్ని 2007లో జర్మనీలో వెలుగులోకి తెచ్చిన ముగ్గురిలో రామస్వామి మురుగన్‌, వెంకటరామన్‌ తంగదురై ఉన్నారు. 2011లో జపాన్‌లో ర్యోజి కన్నో బృందం రూపొందించిన గంధక పదార్థం గది ఉష్ణోగ్రత వద్ద సెంటీమీటరుకు 12 మిల్లీసీమెన్ల వాహకతను చూపి ద్రవంతో సరితూగింది. 2016లో అదే బృందం మరో పదార్థంతో 25కు చేరింది. అంటే వేగం సమస్య అప్పుడే తీరిపోయిందన్నమాట. మరి బ్యాటరీ ఎందుకు రాలేదు?

అంచులోనే అసలు కథ
ద్రవం ప్రతి సందులోకీ పారి ధ్రువాన్ని తడుపుతుంది. ఘనం అలా కాదు. రెండు గట్టి పలకలు ఎంత అదిమినా అక్కడక్కడా మాత్రమే తాకుతాయి. ఛార్జింగ్‌లో ధ్రువాలు ఉబ్బి, తర్వాత కుంచించుకుపోవడంతో ఆ కాస్త అతుకూ ఊడుతుంది. ఇక ఛార్జింగ్‌ వేగం పెంచితే లిథియం లోహం పోగులుగా పెరిగి, గోడ పగులులోకి రావి వేరు దూరినట్లు పింగాణీ పొరలోకి చొచ్చుకుపోతుంది. ఆ పోగు అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్‌ సర్క్యూటే.

మెత్తని పాలిమర్‌ వాడితే అతుకు మెరుగే గానీ అందులో అయాన్ల నడక మందకొడి. 2011 నుంచి 2018 వరకు పారిస్‌లో అద్దెకు తిరిగిన బ్లూకార్‌ వాహనాల్లో ఇలాంటి బ్యాటరీనే వాడారు. అది పనిచేయాలంటే దాన్ని వేడిగా ఉంచాల్సి వచ్చేది. మన ఎండాకాలం కూడా ఆ వేడికి చాలదు!

ఘనమైతే ముప్పే లేదన్న ప్రచారమూ సరికాదు. మండే ద్రావణి లేకపోవడం పెద్ద మేలే. అయితే గంధక పదార్థానికి తేమ తగిలితే విషపూరితమైన హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ వెలువడుతుంది. లిథియం లోహం తానే మండే గుణం కలది. కొంత ద్రవం మిగిలి ఉన్న ‘అర్ధ ఘన’ బ్యాటరీలకూ ఘన బ్యాటరీల పేరే తగిలించడం మరో తిరకాసు. కొనేవారు లోపల ద్రవం ఉందా, లేదా అని నిలదీసి అడగాల్సి ఉంటుంది.

పూర్తి ఘన బ్యాటరీతో 2027-28 నాటికి కారు తెస్తామని టయోటా లక్ష్యం ప్రకటించింది. అది కార్ల మాట. సామాన్యుడి స్కూటర్‌ ధరకు ఈ సాంకేతికత దిగిరావడానికి ఇంకా సమయం పడుతుంది.