కేసు పోయింది, కంప్యూటర్లో ఉంది

మొన్న శుక్రవారం పొద్దున సిత్రా క్యాంపు నుంచి ఒక తమ్ముడు గుదైబియాలో మా రూముకొచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. మనామాలో నాకు ఫారాలు నింపేవాడినని పేరు పడిపోయింది (ఫీజు ఒక చాయ్), కాబట్టి ఇలాంటి శుక్రవారాలు అలవాటే. ఈసారి మాత్రం అతను వెళ్ళాక కూడా ఆ సంగతి వదల్లేదు, అందుకే రాస్తున్నాను.

జీతం కాస్త మెరుగ్గా ఉన్న సెక్యూరిటీ ఉద్యోగమొకటి దొరికింది అతనికి. వాళ్ళు రెండు కాయితాలడిగారు. ఒకటి ఇక్కడి సత్ప్రవర్తన పత్రం, రెండోది ఎంబసీ ద్వారా ఇండియా పోలీస్ క్లియరెన్స్. మొదటిదానికి ఇబ్బందే లేదు. ఈ దేశంలో మనిషికి తొమ్మిదంకెల సీపీఆర్ నంబరు ఒకటుంటుంది, పుట్టిన సంవత్సరం, నెలతో మొదలయ్యేది. అద్దె ఇల్లైనా, ఆసుపత్రైనా, పోలీసు రికార్డైనా ఆ నంబరు మీదే. కాయితం శుభ్రంగా వచ్చింది. రెండోది ఊరికి వెళ్ళి, 'కేసు పెండింగ్' అని తిరిగొచ్చింది.

"అన్నా, ఈడోళ్ళేమో నేను మంచోన్నని కాయితమిచ్చిన్రు. మనోళ్ళే ఇస్తలేరు," అని నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ కేసు 2011ది. సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో ఊరి పిల్లలంతా రోడ్డు మీద కూర్చున్నారు, ఇతనూ కూర్చున్నాడు. అప్పుడతనికి పందొమ్మిదేళ్ళు. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం ఉద్యమ కేసులు ఎత్తేస్తూ జీవోలిచ్చింది. "గవర్నమెంటే కొట్టేసింది గదనే, ఇంకేముంటదనుకున్న," అన్నాడు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. జీవోతో కేసు పోదు. అప్పుడు అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321 ప్రకారం పబ్లిక్ ప్రాసిక్యూటర్ కోర్టులో పిటిషన్ వెయ్యాల్సి ఉండేది, కోర్టు ఒప్పుకోవాల్సి ఉండేది. రైలు రోకో కేసులైతే ఇంకో తలనొప్పి, రైల్వే చట్టం కేంద్రానిది కదా. ఇతనిది రోడ్డు కేసే, కోర్టు ఉత్తర్వు కూడా వచ్చింది. వాళ్ళ నాయిన దాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాడట. ఆ ఉత్తర్వు దేవుడి గదికి చేరింది గానీ ఠాణా కంప్యూటర్‌కి చేరలేదు.

అప్పట్లో గల్ఫ్‌కి రావడానికి పాస్‌పోర్ట్ తీసుకున్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కానిస్టేబుల్ ఇంటికొచ్చి, నాలుగు మాటలడిగి, సంతకం పెట్టించుకుని పోయాడు. ఆయనకు ఊరు తెలుసు, కేసు పోయిందనీ తెలుసు. ఇప్పుడు అడిగేది కంప్యూటర్‌ని.

దేశంలోని పోలీస్ స్టేషన్లన్నిటినీ కలిపే సీసీటీఎన్ఎస్‌కి కేంద్రం 2009లో అనుమతిచ్చింది, 2000 కోట్ల ఖర్చుతో. పాత రికార్డులు ఎక్కించడం కూడా ఆ పథకంలో భాగమే. నా అనుమానం ఇది: ఎక్కించేవాళ్ళ ముందు ఎఫ్ఐఆర్ ఉంది. కేసు ముగిసిన సంగతి ఇంకో రిజిస్టర్లోనో, కోర్టు బీరువాలోనో ఉండిపోయింది. అలా మొదలు మాత్రమే ఎక్కింది. ముగింపు లేని కేసంటే యంత్రానికి పెండింగ్ కేసే.

పోలీసులు, కోర్టులు, జైళ్ళు, ప్రాసిక్యూషన్, ఫోరెన్సిక్‌లను ఒకే తాటి మీదికి తెచ్చే ఐసీజేఎస్ రెండో దశకు 2022లో 3,375 కోట్లు మంజూరు చేశారు. మంచిదే. నేను కంప్యూటరు వద్దనే మనిషిని కాను. పాత పద్ధతిలో కానిస్టేబుల్ మంచివాడు కాకపోతే ఏమయ్యేదో మనకు తెలియందా? పుట్టుకతోనే మనుషుల్ని రికార్డుకెక్కించిన 1871 నాటి నేరస్థ తెగల చట్టం కాయితాల మీదే నడిచింది. 1952లో అది రద్దయినా స్టూవర్ట్‌పురం పేరు చెబితే మొహం మారేవాళ్ళు ఇంకా ఉన్నారు.

నా గొడవ వేరు. ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, సున్నితమైన కేసులు మినహాయించి. కేసు ముగిసిందని ఎక్కించడానికీ అంతే గట్టి గడువు ఉండాలి. 2022లో తెచ్చిన గుర్తింపు చట్టం చూడండి. వేలిముద్రలూ కొలతలూ 75 ఏళ్ళు దాస్తారు. అంతకుముందు శిక్ష పడని మనిషి నిర్దోషిగా తేలితే వాటిని చెరిపెయ్యాలని చట్టమే అంటుంది. తర్వాత వచ్చిన నియమాలేమో, చెరపమని నోడల్ అధికారికి అర్జీ పెట్టుకోమంటాయి. ఎక్కించేటప్పుడు ఎవరూ అర్జీ అడగలేదు కదా! సిత్రాలో పన్నెండు గంటల డ్యూటీ చేసేవాడు ఆ అధికారి ఎవరో ఎలా కనుక్కుంటాడు?

తన పేరు మీద పోలీసు కంప్యూటర్లో ఏముందో మనిషికి ముందే చూసుకునే వీలుండాలి, తప్పుంటే ఎంబసీలోనే కోర్టు ఉత్తర్వు ఇచ్చి దిద్దించుకునే దారి ఉండాలి. ఉద్యోగం చేతిదాకా వచ్చాక తెలిస్తే ఏం లాభం?

బహ్రెయిన్‌ని పొగడటానికి ఇది రాయడం లేదు. ఇక్కడా 2011 ఉంది. 2024 ఏప్రిల్లో రంజాన్ పండుగ ముందు రాజుగారు 1,584 మందికి క్షమాభిక్ష ఇచ్చారు. బయటికొచ్చినవాళ్ళలో ఎవరైనా ఉద్యోగానికి వెళ్తే, వాళ్ళ సత్ప్రవర్తన పత్రం మీద ఏముంటుందన్నది పరాయిదేశంలో బతికే నేను బయట అడిగే ప్రశ్న కాదు. మనసులో మాత్రం అడుక్కున్నాను.

సెక్యూరిటీ కంపెనీ వారం గడువిచ్చింది. నాయినకి ఫోన్ కలిపాం. ఠాణాకి రెండుసార్లు వెళ్ళాడట. లామినేషన్ కాపీ చెల్లదు, కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తెమ్మన్నారట. "సోమారం పోతా బిడ్డా, వకీలు సాబుకు చెప్పిన," అన్నాడాయన. తమ్ముడు సరేనన్నాడు. తర్వాత ఆ 'పెండింగ్' కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి సీపీఆర్ కార్డు వెనకాల పర్సులో దోపుకుని, డ్యూటీ టైమైందని లేచాడు.