తప్పు సిమెంటుదా?

"ధవళేశ్వరం ఆనకట్టను సున్నంతో కట్టారు. 1852లో పూర్తయి, నూరేళ్ళకు పైగా గోదావరి వరదలకు నిలిచింది. మన డాబా పదేళ్ళకే పెచ్చులూడుతోంది!" అని పెద్దలు అనడం మీరు వినే ఉంటారు. సిమెంటే చెడ్డదని వారి తీర్పు. నేను ఒప్పుకోను. (ఆనకట్టకూ మరమ్మతులు జరుగుతూనే వచ్చాయి లెండి.)

సున్నం గాలిలోని కార్బన్ డై ఆక్సైడును పీల్చుకొని, నెమ్మదిగా తిరిగి సున్నపురాయిగా మారుతుంది. సిమెంటు అలా కాదు. అది ఎండి గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. తడి ఆరితే ఆ చర్య ఆగిపోతుంది. అందుకే స్లాబు మీద మట్టిగట్లు కట్టి, కనీసం వారం పదిరోజులు నీళ్ళు నిలపాలి. చుట్టూ కాలువలున్న ఊళ్ళలో కూడా రెండు రోజులు నాలుగు బిందెలు చల్లి ఊరుకుంటే ఎలా?

అంతర్వేది వంటి తీరగ్రామాల్లో మరో చిక్కుంది. ఉప్పునీటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుపచువ్వలు తుప్పుపడతాయి. తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించి, కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది. పాతకాలపు సున్నపు గోడలో చువ్వలు ఉండవు గదా!

మీ వీధిలో స్లాబు వేస్తుంటే మేస్త్రీగారిని అడగండి: ఈ నీళ్ళు ఏ నూతివి? ఎన్నాళ్ళు తడుపుతారు? ఆయన కసురుకుంటే కసురుకోనివ్వండి.