చేప చస్తే నీళ్లనే తిడతామా?

ఈసారి కాస్త గట్టిగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. పుట్టినరోజులకీ గృహప్రవేశాలకీ గాజు గిన్నెలో రెండు చేపలు వేసి బహుమతిగా ఇవ్వడం మన వికారాబాద్, తాండూరు దాకా వచ్చేసింది. ఆ అలవాటే నాకు నచ్చదు. పది రోజులకు ఆ చేప వెల్లకిలా తేలాక మనం చెప్పుకునే సాకులు ఇంకా నచ్చవు.

మొదటి సాకు నీళ్లు. మా పుట్టిల్లు తాండూరు. అక్కడ ఎవరినడిగినా ఒకటే మాట: "మన నీళ్లల్ల చేపలు యాడ బతుకుతయక్కా, అన్నీ సున్నపు నీళ్లేనాయె." బండల ఊరు కదా, కింద ఉన్నదంతా సున్నపురాయి. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. నిజమే. కానీ ఆ నీళ్లు ఏ చేపకూ పనికిరావని ఎవరు చెప్పారు?

బోసిమాని రెయిన్‌బో అని ఒక చేప ఉంది. మగచేపకు ముందు సగం నీలం, వెనక సగం నారింజ రంగు. నాలుగు అంగుళాల దాకా పెరుగుతుంది. దాని సొంత ఊరు ఇండోనేషియాలోని నైరుతి పాపువాలో ఉన్న అయమారు సరస్సులు. ఆ సరస్సులున్నది కూడా సున్నపురాయి నేల మీదే! డచ్ శాస్త్రవేత్త మారినస్ బోసెమన్ పేరు మీద 1980లో దానికి ఆ పేరు పెట్టారు. లవణాలున్న నీళ్లే దానికి పడతాయి. అన్ని బోర్ల నీళ్లూ ఒకేలా ఉండవు, ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, అంతే. అది తెలియక, పాపం చేపకు మంచి నీళ్లు తాగిద్దామని ఆర్వో నీళ్లు పోసేవాళ్లున్నారు. దానికి కావలసిన లవణాలను తీసేసిన నీళ్లవి.

మరి చంపేదేమిటి? నాలుగు లీటర్ల గిన్నె. చేప వదిలే మలినాలు, తినకుండా మిగిలిన మేత కలిసి అమ్మోనియా అవుతుంది. ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో పెరగాలి. మన వంటింటి భాషలో చెప్పాలంటే అది తోడు. పాలు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు; అక్వేరియం తోడుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనమేమో పొద్దున ట్యాంకు కొని, సాయంత్రానికి చేపలు వేస్తాం. ఆ తర్వాత శుభ్రం పేరుతో ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడుగుతాం. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో ఆ కాస్త తోడూ పోతుంది. తప్పు నీళ్లదా, మన తొందరదా?

రెండో సాకు దిష్టి. "ఇంటికి రావలసిన కీడు చేప తీసుకుపోయింది" అంటారు. నేనూ దీపం పెట్టుకునేదాన్నే, అనంతగిరి గుట్ట ఎక్కి పద్మనాభస్వామికి దండం పెట్టుకునేదాన్నే. కానీ మన నిర్లక్ష్యంతో చచ్చిన జీవికి మన కీడును అంటగట్టి, ఆదివారం ఇంకొకటి కొనుక్కురావడాన్ని భక్తి అనలేను. ఇంట్లో పిల్లలు చూస్తుంటారు. ప్రాణం పోతే మార్చేసుకోవచ్చు, బల్బులాగా అని మనమే నేర్పుతున్నాం.

మూడో సాకు "పిల్లల సరదా". సరదా పిల్లలది, కొన్న గొప్ప నాన్నది, బకెట్లు మోసేది మాత్రం అమ్మ. "దానికేం పని ఉంటుంది, చిటికెడు మేత వేస్తే సరి" అని దుకాణంలో చెప్పిన మాట పట్టుకుని ఇంటికి తెస్తారు. లెక్క చెప్తాను వినండి. రెయిన్‌బోలు గుంపులో బతికే చేపలు, కనీసం ఆరు ఉండాలి. బారుగా ఈదుతాయి కాబట్టి నాలుగడుగుల ట్యాంకు కావాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే సుమారు 250 లీటర్లు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి, అంటే పదిహేను లీటర్ల బకెట్లు నాలుగు. కొత్త నీళ్లను ముందురోజే పట్టి ఉంచాలి, లేదా క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేయాలి. పైన మూత ఉండాలి, ఎగిరి బయటపడే చేపలవి. ఇదంతా ఎవరి పని?

మా వికారాబాద్ ఇంట్లో ఎనిమిది రెయిన్‌బోలున్నాయి, మూడేళ్లవుతోంది. కొనకముందే వంతులు క్యాలెండర్ మీద రాయించాను. ఒక ఆదివారం మావారిది, ఒకటి మా అబ్బాయిది, ఒకటి అమ్మాయిది, ఒకటి నాది. వంతు తప్పితే మేత కాదు, మాటలు పడతాయి!

ఇంకో మాట. రెయిన్‌బో పిల్లలు దుకాణంలో బూడిదరంగులో దిగాలుగా ఉంటాయి. రంగు తేలడానికి నెలలు పడుతుంది. అది ఆగలేక పక్క ట్యాంకులో మెరిసే గులాబీ, పచ్చ గాజుచేపలను కొంటారు. గాజుచేపకు ఆ రంగు పుట్టుకతో రాదు. సూదితో ఒంట్లోకి ఎక్కించిన రంగులు కూడా ఉంటాయి అందులో. అలాంటివి అడగనే అడగకండి, కొనేవాళ్లు లేకపోతే తెచ్చేవాళ్లూ ఉండరు.

విసుగొచ్చి కాగ్నా వాగులోనో, కోటిపల్లి ప్రాజెక్టులోనో వదిలేస్తే పుణ్యమనుకునేవాళ్లకూ ఒక మాట. అది పుణ్యం కాదు. అక్కడి చేపలకు పరాయి రోగాన్ని అంటించడం కావచ్చు, తెచ్చిన చేపను ఆకలికి వదిలేయడమూ కావచ్చు. అయమారులో బోసిమాని రెయిన్‌బో ఇప్పుడు అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో ఉంది. అలాంటిదాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్లకు కాస్త బాధ్యత ఉండొద్దా?

చేపలు పెంచొద్దని నేననడం లేదు. పొద్దున్నే లైటు వేయగానే మగచేపలు ఆడచేపల ముందు రంగులు విప్పుకుని తిరుగుతుంటే కాఫీ చల్లారిపోతుంది నాకు. పెంచండి, కానీ ఇల్లంతా కలిసి పెంచండి. ఇంట్లో నలుగురూ నాలుగు బకెట్లు పంచుకోవడానికి ఒప్పుకోకపోతే ట్యాంకు కొనకండి. గిన్నెలో చేపను బహుమతిగా మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఏమీ తోచకపోతే మన తాండూరు కందిపప్పు ఓ రెండు కిలోలు ఇవ్వండి. సంతోషంగా వండుకుంటారు.