మనకు టోర్నమెంట్లు ఉన్నయి, లీగ్ లేదు

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకొని చివరిదాకా చదవండి. నా మాటల్లో తప్పుంటే కింద చెప్పండి, దిద్దుకుంటా.

2025లో తెలుగు టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు వచ్చింది. అప్పుడు మన చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు పోరగాళ్ల స్టేటస్‌లు చూస్తే అన్నీ అవే. విజయ్ మాలిక్ ఫొటోలు, భరత్ రైడ్ల వీడియోలు. నేను కూడా పెట్టిన. 2016 తర్వాత మన పేరున్న టీమ్ అంత దూరం రావడం అదే మొదటిసారి. సంతోషం ఉండాల్సిందే. కానీ ఆ సీజన్ చూసినంక నా మనసులో ఒక ముచ్చట తిరుగుతున్నది. అది చెప్పడానికే ఈ పోస్టు.

ఆ సీజన్ ఎట్ల మొదలైందో ఒకసారి యాది చేసుకోండి. ఆగస్టు 29న విశాఖపట్నంలో మొదటి మ్యాచ్. తమిళ్ తలైవాస్ చేతిలో 38-35తో ఓడిపోయినం. తెల్లారి యూపీ యోధాస్ చేతిలో 40-35తో మళ్లీ ఓడిపోయినం. రెండు రోజుల్లో రెండు ఓటములు, అది కూడా సొంత జనం ముందు. ఆ రోజు గ్రూపులో "ఈసారి కూడా గంతే" అని రాసినోళ్లలో నేనూ ఉన్న. అదే టీమ్ లీగ్ అయిపోయేసరికి 18 మ్యాచుల్లో 10 గెలిచి, 20 పాయింట్లతో మొదటి నాలుగు టీముల్లో నిలబడ్డది. తర్వాత ఢిల్లీలో బెంగళూరు బుల్స్‌తో ఆడింది. అందులో ఓడినా ఇంకో మ్యాచ్ ఉండేది.

ఇంకా వెనక్కి పోదాం. 2021-22 సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచులు ఆడి ఒక్కటే గెలిచింది. తర్వాతి సీజన్‌లో రెండు. ఆ తర్వాత పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలు దాటి పెట్టి కొన్నరు, అప్పుడు కూడా రెండే. మూడు సీజన్లు కలిపితే 66 మ్యాచుల్లో 5 గెలుపులు. 2024లో 22లో 12 గెలిచినా ప్లేఆఫ్స్ అందలేదు. 2025లో అందింది.

నేను అడిగేది ఒక్కటే. ఇదే టీమ్ మన సంక్రాంతి టోర్నమెంట్‌లో ఆడి ఉంటే ఏమయ్యేది? మొదటి మ్యాచ్ ఓడి, మధ్యాహ్నానికే ఆటో ఎక్కి ఇంటికి పోయేది. తలైవాస్ మీద చేసిన తప్పు ఏందో తెలుసుకొని, దాన్ని ఇంకో మ్యాచ్‌లో సరిదిద్దుకునే అవకాశమే ఉండకపోయేది. ఆ టీమ్‌కు రోషం ఉండొచ్చు, కోచ్ ఉండొచ్చు, పైసలు ఉండొచ్చు. కానీ అన్నిటికన్నా ముందు దానికి ఇంకో మ్యాచ్ ఉన్నది. మనకు లేనిది అదే.

మా తండా సంగతి చెప్తా. పోయిన సంక్రాంతికి పక్క ఊర్లో టోర్నమెంట్ పెడితే మేం పోయినం. ఎంట్రీ ఫీజు వెయ్యి రూపాయలు, తలా వంద వేసుకున్నం. పొద్దున ఎనిమిదింటికి పోతే మా వంతు ఒంటిగంటకు వచ్చింది. టీములు ఎక్కువున్నయని సగానికి పది నిమిషాలే పెట్టిన్రు. అంటే మొత్తం ఇరవై నిమిషాలు. మూడు పాయింట్ల తేడాతో ఓడినం. చివర్ల మా రైడర్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి పోయి ఔటయిండు. మట్టి కోర్టు, చున్నం గీతలు సగం చెరిగిపోయినయి, ఉరుకులాటలో కాలు పడ్డది. ఇంటికి వచ్చేటప్పుడు అందరం వాణ్నే తిట్టినం. నేను కూడా తిట్టిన, దాచుకునేది ఏం లేదు.

ఆ వచ్చే ఆదివారం ఇంకో మ్యాచ్ ఉండి ఉంటే వాడు ఆ తప్పు మళ్లీ చేయకపోయేటోడు. మేం కూడా మరిచిపోయేటోళ్లం. కానీ మ్యాచ్ లేదు. వచ్చే సంక్రాంతి దాకా ఆ ఒక్క తప్పే వాడి పేరైంది. ఇప్పుడు మొయినాబాద్ దిక్కు ఒక ఫామ్‌హౌస్‌లో పనికి పోతున్నడు. కబడ్డీ అంటే "వద్దులే అన్నా" అంటడు. మా తండాలో వాడికన్నా మంచి రైడర్‌ను నేనైతే చూడలేదు.

కొంచెం లెక్క చూడండి. నాకౌట్ టోర్నమెంట్‌కు 16 టీములు వస్తే మొత్తం 15 మ్యాచులు. అందులో 8 టీములు ఒక్క మ్యాచ్ ఆడి పోతయి. నాలుగు మ్యాచులు ఆడేది ఫైనల్‌కు పోయిన రెండు టీములే. అంటే గెలిచేటోళ్లకే ఆట, ఓడేటోళ్లకు ఆట లేదు. మరి నేర్చుకోవాల్సింది ఎవరు?

దీని దెబ్బ సెలెక్షన్లలో కనిపిస్తది. మన పిల్లలకు దమ్ము లేదని కాదు. పొద్దున లేస్తే క్యారెట్, టమాట మూటలు మోసే చేతులు, కాళ్లు. ఏడాదికి ఒకటి రెండు మ్యాచులు ఆడినోడు, ఏడాదంతా ఆడినోడి పక్కన నిలబడితే మొదటి రైడ్‌లోనే గుండె దడ పుడతది. చూసే సార్లకు కనపడేది ఆ పది నిమిషాలే. "బలముంది గానీ ఆట తెల్వదు" అని పక్కన పెడతరు. ఆట ఎట్ల తెలుస్తది, ఆడితే కదా.

అందుకే నా అభిప్రాయం ఇది. టోర్నమెంట్లు బంద్ చేయమంటలేను. వాటికి తోడు మనకు ఒక లీగ్ కావాలె. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల తండాలు, ఊర్లలో ఉన్న మన బస్తీలు కలిసి ఆరు టీములు చేద్దాం. ప్రతి టీమ్ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడాలె. అంటే టీమ్‌కు పది మ్యాచులు, మొత్తం 30. ఆదివారానికి మూడు మ్యాచులు పెడితే పది ఆదివారాల్లో అయిపోతది. వరికోతలు అయినంక డిసెంబర్ మొదటి ఆదివారం మొదలుపెడితే ఫిబ్రవరి 15 లోపు లీగ్ పూర్తయితది. మొదటి నాలుగు టీములకు సెమీస్, ఫైనల్ ఫిబ్రవరి 15న. ఆ రోజు సేవాలాల్ మహరాజ్ జయంతి.

"గ్రౌండ్ ఏది?" అంటరు. మొయినాబాద్ దిక్కు జాగలన్నీ ఫామ్‌హౌస్‌లు, కిరాయి క్రికెట్ గ్రౌండ్లు అయినయి, నిజమే. కానీ కబడ్డీ కోర్టుకు కావాల్సింది 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. ఒక కల్లం జాగ చాలు. మ్యాట్ లేకున్నా రాళ్లు ఏరి మట్టి పోసుకుంటే సరిపోతది.

"కొట్లాటలు అయితయి" అంటరు. ఇది ఉత్త మాట కాదు, నేను చూసిన. కానీ నాకౌట్‌లో కొట్లాట ఎందుకయితది? ఒక్క పాయింట్ పోతే ఏడాది పోతది కాబట్టి. వచ్చే ఆదివారం మళ్లీ ఆట ఉన్నదని తెలిస్తే సగం కోపం అక్కడికక్కడే దిగుతది. అయినా రిఫరీ ఆ మ్యాచ్ ఆడని టీమ్ నుంచి ఉండాలె. స్కోరు నోట్‌బుక్‌లో రాసి ఇద్దరు కెప్టెన్లతో సంతకం పెట్టించాలె.

"పైసలు?" వెయ్యి రూపాయల ఎంట్రీ ఫీజు ఒక్క మ్యాచ్‌కు కట్టినోళ్లం మనం. అదే వెయ్యితో పది మ్యాచులు ఆడొచ్చు. ట్రోఫీ చిన్నదైనా పర్వాలేదు.

ఇంకో మాట. చెల్లెళ్లను మరిచిపోవద్దు. హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు బోళ్లు తోముడు, పత్తి ఏరుడు తప్ప ఏం ఉంటలేదు. ఈ సంక్రాంతి సెలవుల్లో వాళ్లకు నాలుగు టీములతో చిన్న లీగ్ పెడితే ఆరే మ్యాచులు, రెండు రోజుల పని. అమ్మనాయనలను ఒప్పించే బాధ్యత అన్నలది.

టైటాన్స్ గెలవాలని నాకూ ఉన్నది. 2025 దాకా ఒక్కసారి కూడా ఫైనల్ చూడని టీమ్ అది. గెలిస్తే డప్పులు కొడదాం. ఓడినా పర్వాలేదు, వాళ్లకు వచ్చే సీజన్ ఉన్నది. మన రైడర్‌కు కూడా వచ్చే ఆదివారం ఉండాలె కదా.

మీ తండా నుంచి టీమ్ వస్తదా, ఎంతమంది ఉన్నరు, కోర్టుకు జాగ ఉన్నదా, ఈ మూడు సంగతులు కింద రాయండి. మా తండా నుంచి ఏడుగురం రెడీ. ఎనిమిదోవాణ్ని ఒప్పించడానికి నేను రేపు ఫామ్‌హౌస్‌కు పోతున్న. మొదలు వాణ్ని తిట్టినందుకు మాఫీ అడగాలె.