సప్తసాగర యాత్రకు సైకిలు తగునా?

గత మాసం మా దేవాలయానికి ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. ముగ్గురు మిత్రులతో కలిసి, రాబోయే పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగిలో స్నానం చేసి, అక్కడ నుండి సముద్రతీరం వెంట అంతర్వేది దాకా సైకిళ్లపై వెళ్లాలని వారి సంకల్పం. బస్సు లేదు, వెంట నడిపించే పెద్ద లేడు. చేతిలోని ఫోనే వారికి దారి చూపుతుంది.

"పంతులుగారూ, వీడు షికారుకు పోతూ దానికి యాత్ర అని పేరు పెట్టుకున్నాడండి. మీరైనా చెప్పండి" అన్నారు ఆ తల్లి. "సైకిలు మీద వెళితే ఫలం రాదా అండి?" అని కుర్రవాడు అడిగాడు. గ్రంథాలు చూసి చెబుతానని రెండు దినాలు గడువు తీసుకున్నాను. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది మాత్రమే కాదు. 2020 తరువాత మన నగరాలలో సైకిలు బృందాలు విరివిగా వెలిశాయి. వారిలో పలువురు సెలవులకు క్షేత్రాల దారి పడుతున్నారు. అందుచేత నాకు తోచినది మీ ముందు ఉంచుతున్నాను.

సప్తసాగర యాత్ర అన్న మాటే నేటి తరంలో చాలామంది ఎరుగరు. గౌతమ మహర్షి తపస్సు వలన భూమికి దిగివచ్చిన గోదావరిని సప్తర్షులు ఏడు పాయలుగా సాగరానికి చేర్చారని ప్రసిద్ధి. తుల్యభాగ, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ అని ఒక వరుస. జమదగ్ని పేరు కలిపి చెప్పేవారూ ఉన్నారు. కాకినాడ చేరువన చొల్లంగిలో అమావాస్య నాడు తొలి స్నానం చేసి, కోరంగి మీదుగా ఒక్కొక్క సంగమమే సేవిస్తూ, మాఘ శుద్ధ ఏకాదశి నాటికి అంతర్వేదిలో వశిష్ఠా సంగమం చేరడం సంప్రదాయం. ఆనాడే లక్ష్మీనరసింహస్వామి వారి రథోత్సవం. సంతానం కోరే దంపతులు ఈ యాత్రను విశేషంగా చేసేవారు. మా మాతామహులు అటువంటి దంపతుల వెంట పౌరోహిత్యానికి వెళ్లేవారు. కొంత దూరం పడవలోను, కొంత దూరం ఇసుకలో నడిచీ పోవడం, దిబ్బల మీద మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకోవడం ఆయన చెప్పగా విన్నాను. ఆ దినాలలో దీనిని కష్టమని ఎవరూ అనుకోలేదు, యాత్ర అంటేనే అది గనుక.

ఇక శాస్త్ర విషయం. మత్స్య పురాణం ప్రయాగ మాహాత్మ్యంలో, ఐశ్వర్య మదంతోనో లోభ మోహాలతోనో వాహనమెక్కి తీర్థానికి పోయేవానికి ఆ తీర్థం నిష్ఫలమని కఠినంగానే చెప్పబడింది. ఎద్దునెక్కి వెళ్లేవానికి నరకమే గతి అని, అతని పితృదేవతలు జలం స్వీకరించరని కూడా అక్కడే ఉన్నది. ఈ రెంటినీ కలిపి చదివితే ఆంతర్యం బోధపడుతుంది. మన పుణ్యం బరువును నోరులేని జీవి వీపుపై మోపడం ఒక దోషం. కలిమిని ప్రదర్శించుకొంటూ ఊరేగడం రెండవ దోషం. సైకిలును కదిలించేవి ఎక్కినవాని పిక్కలే. ఎదురుగాలి వీచితే ఆయాసపడేది అతడే. కనుక మత్స్య పురాణం నిషేధించిన యానం ఇది కాదని నా అభిప్రాయం. నాతో ఏకీభవించని పండితులు ఉండవచ్చు.

అయితే కుర్రవాడు అంతలో సంతోషపడడానికి వీలులేదు. నిబంధన గ్రంథాలలో మరొక లెక్క ఉన్నది. వాహనం ఫలంలో సగం హరిస్తుందట. గొడుగు, పాదరక్షలు అందులో సగం. వర్తకం మూడు పాళ్లు. ప్రతిగ్రహం, అంటే ఇతరుల వద్ద దానం పట్టడం, మొత్తం ఫలాన్నే హరిస్తుందట! (ఈ చివరి మాట మావంటి పురోహితులు ఎక్కువగా చదివి వినిపించరు.) వేరొక పని మీద పోతూ ప్రసంగవశాత్తు తీర్థం సేవించినవానికి సగం ఫలమే అని కూడా పెద్దలు చెప్పారు. సెలవు విహారానికి వెళ్లి దారిలో గుడి చూసి వచ్చేవారికి ఈ మాట చక్కగా వర్తిస్తుంది. సగమైనా ఉన్నది కదా అని ఆ తల్లికి చెప్పాను. కానీ ఈ అబ్బాయిల చొక్కాలపై ఏదో వ్యాపార సంస్థ పేరు ముద్రించి, ఖర్చులు ఆ సంస్థ భరించే ఏర్పాటు ఉన్నదట. అది విన్నాక మాత్రం నాకు ప్రతిగ్రహం మాట గుర్తుకు వచ్చింది.

విదేశాలలో ఈ చర్చ ఎప్పుడో జరిగింది. పోర్చుగల్ దేశంలోని పోర్టో నగరం నుండి అట్లాంటిక్ సముద్రపు ఒడ్డునే సాగి, మిన్యో నదిని దాటి, స్పెయిన్‌లోని శాంటియాగో చేరే యాత్రామార్గం ఒకటి ఉన్నది. సుమారు 280 కిలోమీటర్లు. యేసు శిష్యుడు యాకోబు సమాధి అక్కడ ఉన్నదని క్రైస్తవుల విశ్వాసం. 1986లో అన్ని దారులూ కలిపి మూడు వేల లోపు మంది మాత్రమే ఆ క్షేత్రం చేరి యాత్రాపత్రం పొందగా, 2024లో ఆ సంఖ్య సుమారు ఐదు లక్షలు. తీరమార్గాన వచ్చినవారే 70 వేలకు పైబడ్డారు. సైకిలుపై వచ్చేవారు స్వల్పం, అత్యధికులు పాదచారులే. అక్కడి నియమం గమనించండి. నడిచేవాడు చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు. సైకిలువాడు 200 కిలోమీటర్లు తొక్కాలి. దారిలో గుడి వద్దో సత్రం వద్దో దినానికి రెండు ముద్రలు వేయించుకోవాలి. భక్తితోనో ఆధ్యాత్మిక చింతనతోనో వచ్చామన్నవారికి లాటిన్ భాషలో ఒక పత్రం. కేవలం విహారానికి వచ్చినవారికి వేరొక పత్రం. వాహనం సగం హరిస్తుందన్న మన పెద్దల లెక్కనే వారు దూరంలోకి మార్చుకున్నట్లున్నది!

ఆ దారికి పునరుజ్జీవం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఎలియాస్ వలీన్యా అనే ఒక కొండపల్లె చర్చి గురువు 1984లో పసుపురంగు డబ్బా పట్టుకొని చెట్లకు, రాళ్లకు, గోడలకు బాణం గుర్తులు వేసుకుంటూ పోయాడు. కోట్ల రూపాయల పథకం కాదది. నేడు అక్కడ సంచులను ఒక బస నుండి మరొక బసకు చేరవేసే వ్యాపారులు, గదులు ముందుగా కుదిర్చి యాత్రికుణ్ణి తనంతట తాను పొమ్మనే సంస్థలు వచ్చాయి. ఆ సౌకర్యం మంచిదా చెడ్డదా అని వారే వాదించుకుంటున్నారు. మన భారతంలో ఈ వాదానికి సమాధానం ఉన్నది. వనపర్వంలో తీర్థయాత్రకు బయలుదేరుతున్న ధర్మరాజుతో లోమశ మహర్షి, పరివారాన్ని తగ్గించుకో, తేలికగా ఉంటేనే సుఖంగా తిరగగలవు అన్నాడు. మృష్టాన్నం లేనిదే ఉండలేనివారిని, ఆకలిదప్పులు ఓర్వలేనివారిని ధర్మరాజు వెనుకకు పంపివేశాడు. సంచి మోయడానికి మనిషిని పెట్టుకోవడం కంటే సంచిని చిన్నది చేసుకోవడమే లోమశుని మార్గం.

మన తీరం మాటకు వద్దాం. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇస్తూ కొత్త విధానం ప్రకటించింది. 2027 గోదావరి పుష్కరాలకు సన్నాహాల మాట వినవస్తున్నది. 2015 జూలై 14న, పుష్కరాల తొలినాడు, రాజమహేంద్రవరంలో ఒక్క ఘట్టంలోనే జనం క్రిక్కిరిసి పాతికమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన సంగతి మరువగలమా? ఆ నదికే ఏడు సాగర సంగమాలున్నాయని ఆ జనంలో ఎందరికి ఎవరు చెప్పారు? చెప్పవలసినవారిలో నేనూ ఒకణ్ణి. తుల్యభాగ పేరు నేడు మురుగునీటి కాలువ పేరుగా వినబడుతున్నది. పొలాల నీరు దించే ఆ డ్రెయినులో మునిగి లేవమని ఏ గృహస్థుకు చెప్పగలను? కొన్ని పాయలు పూడిపోయి పేరుకే మిగిలాయి.

ఏడు సంగమాలను ఒకే రోజున చూపే చల్లని బస్సు రేపో మాపో వస్తుందని నా అనుమానం. కార్తికంలో పంచారామాలకు అటువంటి బస్సులు ఉన్నాయి. నడవలేని వృద్ధులకు అవి మేలే చేస్తున్నాయి, కాదనను. కానీ పదకొండు దినాల యాత్రను పదకొండు గంటలకు కుదిస్తే, దారిలోని పల్లెకు యాత్రికుని ముఖం కనబడదు. యాత్రికునికి పల్లె కనబడదు. సైకిలుపై వచ్చేవాడు దాహం వేస్తే ఒక ఇంటి అరుగు ముందు ఆగక తప్పదు. ఆ ఆగడం కోసమే నేను ఈ కుర్రవాళ్ల పక్షం వహిస్తున్నాను. వీరికి కావలసినది స్వల్పం. కాకినాడ నుండి యానాం, అమలాపురం మీదుగా పోయే 216వ జాతీయ రహదారిపై లారీల రద్దీ ఎక్కువ. దానిని తప్పించే కాలువగట్లకు గుర్తులు, పది పన్నెండు కిలోమీటర్లకొక మంచినీటి తావు, మూతపడిన సత్రాలలో రెండు మూడింటి తాళాలు తీయడం, ప్రతి సంగమం వద్ద సంకల్పం చెప్పగల ఒక పురోహితుడు. చివరిది మా పని, ప్రభుత్వాన్ని అడగనక్కరలేదు.

రెండు దినాల తరువాత తల్లీకొడుకులు మళ్లీ వచ్చారు. "నాయనా, దారి నీ ఫోను చూపవచ్చును గాని సంకల్పం చెప్పదు. బయలుదేరే ముందురోజు ఉపవాసం ఉండి, ఇంట గణపతి పూజ చేసుకొని కదలండి. ఆ చొక్కాలు ఇంట వదిలి మీ ఖర్చు మీరే పెట్టుకోండి. రెండు దినాలలో ముగించాలన్న పందెం మానండి, ఏకాదశి దాకా సెలవు దొరకకపోతే దొరికినన్ని దినాలే వెళ్లి, మిగిలిన సంగమాలు వచ్చే ఏడు పూర్తి చేయండి" అన్నాను. అతడు చొక్కాల దగ్గర కాస్త తటపటాయించి, మిత్రులతో మాట్లాడతానన్నాడు.

ఆ తల్లికి మాత్రం నీటి భయం పోలేదు. అది అకారణం కాదు. అమావాస్యకు సముద్రపు పోటు అధికం, సంగమాల వద్ద ఇసుక మేటలు ఏటేటా చోటు మారుతూ ఉంటాయి. నిరుడు మోకాటిలోతు ఉన్నచోట ఈ ఏడు మనిషి మునగవచ్చు. అందుకని ప్రతి రేవులోను ముందు మత్స్యకారులను అడిగి, వారు చూపినచోటనే, చూపిన వేళకే దిగమని చెప్పాను. చొల్లంగిలో ఆనాటి పోటు వేళ తెలుసుకొని ముందుగా నాకు ఫోను చేస్తానని అబ్బాయి మాట ఇచ్చాడు. స్నాన సంకల్పం అప్పుడు చెబుతాను.