చేపపిల్లకి తెల్లచుక్కలొస్తే

పుష్యమాసంలో మన అమలాపురం, రాజోలు వైపు కూడా గాజుతొట్టెలో నీళ్ళు రాత్రికి చల్లబడిపోతాయి. గోల్డ్‌ఫిష్ ఒంటినిండా పంచదార పలుకుల్లా చుక్కలొచ్చి, అది రాళ్ళకేసి రుద్దుకుంటోందా? ఇక్ అనే పరాన్నజీవి పట్టిందన్నమాట. మొప్పల మూతలమీదా, ముందు రెక్కలమీదా మాత్రమే ఉంటే అది ఈడొచ్చిన మగచేప సింగారం, కంగారు పడకండి!

జబ్బే అయితే లీటరుకి 2 గ్రాముల చొప్పున కళ్ళుప్పు కరిగించి, ఒకరోజులో మూడు విడతలుగా కలపండి. మొక్కలుంటే ముందే తీసేయాలి సుమా. రోజూ నాలుగోవంతు నీళ్ళు మార్చి, కొత్త నీళ్ళకి సరిపడా ఉప్పే వేయండి. కుళాయి నీళ్ళు ముందురోజే పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. కాలవ నీళ్ళు మాత్రం వద్దు, పొలాల మందులు కలిసుంటాయి.

చుక్కలు రాలాయని ఆపేయకండి. రాలిన పురుగు తొట్టె అడుగున వందల పిల్లల్ని పెడుతుంది. ఉప్పుకి లొంగేది ఆ పిల్లలే. అందుకే రెండు వారాలు ఓపిక పట్టండి.